ఆముదం అడగని దీపాలు

పొద్దు గోదారి అవతలి గట్టు మీదికి వాలగానే పల్లెపాలెంలో ఆడవాళ్ళు ప్రమిదల్లో ఆముదం పోసి ఒత్తులు ముట్టించేవారు. కొన్ని ఇళ్ళలో మాత్రం ఆ పని ఉండేది కాదు. అవి ఆనకట్ట పనిలో పోయినవాళ్ళ ఇళ్ళు. మనిషి పోయిన సాయంత్రం నుంచీ ఆ ఇంటి ప్రమిద దానంతటదే వెలిగేది. చుక్క ఆముదం అడిగేది కాదు, గాలివానకి తలొంచేది కాదు. నీళ్ళలో పడ్డ వెన్నెలలా తెల్లటి వెలుగు. ఇరుగుపొరుగులు వలలు తెచ్చుకుని ఆ అరుగుల మీదే కూర్చుని బాగుచేసుకునేవారు.

లోవలక్ష్మి పుట్టింట్లో అలాంటి దీపమే ఉంది. వాళ్ళ నాన్న సత్తియ్య రాళ్ళ పడవతో మునిగిననాటిది.

"నీకేంటి సుబ్బాయమ్మత్తా, ఆముదం ఖర్చు లేదు," అంది లోవలక్ష్మి ఎదురింటి రత్తమ్మ, వల చిక్కు తీస్తూ.

"ఖర్చు లేకేమే? ఆముదం బదులు మొగుణ్ణి పోశాను అందులో," అంది లోవలక్ష్మి తల్లి.

అందరూ నవ్వారు. లోవలక్ష్మికి నవ్వు రాలేదు. ఆమె మొగుడు బుల్లియ్య అరుగు చివర కూర్చున్నాడు. వెనకటి రోజుల్లో వరద ఎర్రనీళ్ళు దిగితే పులసలు ఎదురీదుకుంటూ పాలెం దాకా వచ్చేవి. ఇప్పుడవి ఆనకట్టకి తలలు ఆనించి, ఏదో మర్చిపోయినట్టు అక్కడే తిరుగుతున్నాయట. ఇక్కడ వల విసిరితే నాచు, ఎప్పుడైనా ఓ జెల్ల.

"రేపు వెళ్తున్నానే," అన్నాడు బుల్లియ్య. "వరద రాకముందే ఆనకట్ట కింద రాళ్ళు దింపాలంట. రత్తమ్మ మొగుడు పెద్దిరాజు అక్కడే ఉన్నాడు కదా."

"మా నాన్న ఎక్కిన పడవే దొరికిందా మావా నీకు?"

"గోదారి అన్నం పెట్టటం మానేసింది. ఏం చెయ్యమంటావు?"

"ఆ గోడ కట్టమన్నవాడి నోట్లో మన్నుపడ!"

"తిట్టకే," అంది సుబ్బాయమ్మ. "నందన ఏటి కరువులో మా అమ్మమ్మ చింతగింజలు ఉడకేసుకు తిని పోయిందంట. ఇప్పుడు కాలవల కింద కనుచూపుమేరా పచ్చటి చేలు. ఎంతమంది తింటున్నారో! మనం తినేదీ ఆ బియ్యమే. తక్కెట్లో ఓ పక్క ఆ చేలు, ఓ పక్క మీ నాన్న... ఏది మొగ్గుద్దో నాకు తెలీదు. ఆ తక్కెడ పట్టుకోమని నన్నెవరూ అడక్కండి."

బుల్లియ్య వెళ్ళిపోయాడు. మర్నాడు సాయంత్రం వాన. ఇంట్లో ఆముదం నిండుకుంది. దీపాలవేళ ఎవరూ ఆముదం బదులివ్వరు, ఇంటి లక్ష్మి వెళ్ళిపోతుందని. మగవాడు నీళ్ళ మీద ఉండగా ఇల్లు చీకటిగా ఉంచనూ కూడదు. సుబ్బాయమ్మ ఎండుచేపల గంపతో రాజమండ్రి వెళ్ళి ఇంకా రాలేదు.

నిప్పు ఏ ఇంటి నుంచైనా తెచ్చుకోవచ్చు గానీ ఆ దీపం నుంచి మాత్రం ఎవరూ తెచ్చుకోరు. లోవలక్ష్మికి తెలుసు. అయినా ప్రమిద కొంగు కింద దాచుకుని పుట్టింటికి వెళ్ళింది. "నాన్నా, ఒక్క రాత్రికి," అని గొణుక్కుంటూ ఎండు ఒత్తి ఆ మంటకి ఆనించింది.

ఒత్తి తెల్లగా వెలిగింది. ఇంటికి తెచ్చి గూట్లో పెట్టింది.

ఆ వెలుగు తలుపు సందులోంచి ముందు చూసింది రత్తమ్మే. "అయ్యో లచ్చిమీ! బుల్లియ్య పోయాడే!" అని గుండెలు బాదుకుంది. పాలెమంతా వచ్చింది. లోవలక్ష్మి నోరు తెరిచింది గానీ ఆ ఏడుపుల్లో ఆమె మాట ఎవరికీ వినబడలేదు. తర్వాత ఆమెకే అనుమానం వచ్చింది, దీపం అబద్ధం చెబుతుందా అని. కబురు దిగువకి వెళ్ళే పడవవాళ్ళతో ఆనకట్ట దాకా పోయింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం బుల్లియ్య నడుచుకుంటూ వచ్చాడు.

"నేను పోయానంటగా!" అన్నాడు గుమ్మంలో నిలబడి. "పడవెక్కబోతుంటే మేస్త్రీ చెయ్యి పట్టుకుని లాగేశాడే. 'మీ ఇంట్లో దీపం వెలిగిందంటరా. చచ్చినవాణ్ణి పడవెక్కించను, పో' అన్నాడు. బతికే ఉన్నానండి అంటే వినడే!"

అతను గడప దాటగానే గూట్లో దీపం కొండెక్కింది. లోవలక్ష్మి అతన్ని పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. రత్తమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"మా ఆయన కనిపించాడా తమ్ముడూ?"

"కనిపించకేం వదినా! నా చోట పెద్దిరాజన్నే ఎక్కాడు."

వాన వెలిసింది. పొద్దు వాలింది. బుల్లియ్య అన్నం తింటున్నాడు. ఎదురింటి గుమ్మంలో రత్తమ్మ ప్రమిద తుడిచి, ఒత్తి వేసి, ఆముదం కోసం వెనక్కి తిరిగింది. ఆమె వీపు మీద తెల్లటి వెలుగు పడింది.

రత్తమ్మ అరవలేదు. తిరిగి దీపాన్ని చూసింది. తర్వాత వీధికి అవతల, నోటి దగ్గర ముద్దతో ఆగిపోయిన బుల్లియ్యని చూసింది. లోవలక్ష్మి వైపు మాత్రం చూడలేదు.

ఆ తర్వాత బుల్లియ్య మళ్ళీ ఆనకట్టకి వెళ్ళలేదు. వెళ్ళినా ఏ మేస్త్రీ పిలిచేవాడు కాదు. ఖాళీ గోదాట్లోనే వల విసిరేవాడు, రెండిళ్ళకి. దొరికిన జెల్లల్లో పెద్దది లోవలక్ష్మే తీసుకెళ్ళి రత్తమ్మ గడప మీద పెట్టేది. లోపలికి రమ్మని రత్తమ్మ ఎప్పుడూ అనలేదు. చెయ్యి చాపి, చేప అందుకుని, తలుపు దగ్గరగా వేసుకునేది.