కటింగ్ మాస్టారి పట్టీ

బట్టలు కుట్టే షెడ్డులో అందరూ ఆయన్ని మాస్టారు అంటారు. ఆయన ఎవరికీ పాఠం చెప్పలేదు, తనూ పెద్దగా చదువుకోలేదు. కత్తెర పట్టి గుడ్డ కోసేవాణ్ణి అక్కడ అలా పిలుస్తారు, అంతే. జీతం పెంచడం కన్నా మాస్టారూ అని పిలవడం యజమానికి సులువు.

ఆ మాస్టారికి కీళ్ళవాతం. పొద్దున లేచేసరికి వేళ్ళు కొయ్యబారి ఉంటాయి. మధ్యాహ్నానికి కాస్త సడలుతాయి. ఆసుపత్రివాళ్ళు ఉచితంగా ఇస్తున్న ఇంజెక్షన్ మొదలయ్యాకే మళ్ళీ కత్తెర పట్టగలుగుతున్నాడు. అది ఆగితే కత్తెర ఆగుతుంది, కత్తెర ఆగితే ఆ పిలుపూ ఉండదు.

ఈసారి ఇంజెక్షన్ ఇచ్చాక నర్సు ఆయన చేతికి ఒక రబ్బరు పట్టీ తొడిగింది.

"ఇది తియ్యకూడదు. పగలు చెయ్యి ఎంత కదిలింది, రాత్రి నిద్ర ఎలా పట్టింది, అంతా డాక్టరుగారికి కనబడుతుంది. మందు ఎలా పనిచేస్తోందో దీన్నిబట్టే చూస్తారు."

పట్టీతో కలిపిన మాస్టారి ఫోనులో గుండ్రటి గీత ఒకటి వచ్చింది. చెయ్యి బాగా ఆడితే పచ్చగా, లేకపోతే ఎర్రగా. మాస్టారిది ఎర్రగానే ఉండేది. వేళ్ళు సడలేదాకా కత్తెరకు సాన పడుతున్నట్టు నటిస్తూ కూర్చునే మనిషికి పచ్చదనం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆదివారం ఇంటికొచ్చిన బావమరిది ఫోను లాక్కుని చూశాడు. బస్సు కండక్టరు. లోకంలో తనకు తెలియని సంగతి లేదనుకుంటాడు.

"ఏంటి బావా, నీ ప్రోగ్రెస్ కార్డు నిండా ఎర్రసిరానే? చిన్నప్పుడూ ఇంతేనా?"

"నీకంటే ఒక క్లాసు ఎక్కువే చదివాన్లేరా."

"నవ్వులాట కాదు. నీకు ఇచ్చి లాభం లేదనుకుంటే ఆ మందు ఇంకొకడికి ఇచ్చుకుంటారు. నీ మొహం చూసి ఇస్తారా?"

ఆ మాటకు మాస్టారు నవ్వలేదు. ఆయన భార్య పట్టీ విప్పి తన చేతికి పెట్టుకుంది. హాస్టల్లో గిన్నెలు తోమి, గదులు తుడిచే చెయ్యి అది. మర్నాడు సాయంత్రానికి గీత పచ్చబడింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ పరీక్ష పాసైనట్టు సంబరపడ్డారు. అప్పట్నుంచి పట్టీ ఆవిడ చేతికే ఉండిపోయింది, నిద్రలో కూడా.

డాక్టరు దగ్గర వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వేళ్ళు సడలిన వేళ. పిడికిలి మూయమంటే మాస్టారు పట్టీ లేని మణికట్టు కనబడకుండా చొక్కా చెయ్యి దించుకుని మూశాడు. డాక్టరు కంప్యూటరు తెర చూసి తలూపాడు.

"బ్రహ్మాండం! కుర్రాళ్ళకి కూడా చెయ్యి ఇంత ఆడదు. ఇక ఇంజెక్షన్ ఆపేద్దాం. మాత్రలు చాలు."

ఎర్రగా ఉంటే ఆపుతారని మాస్టారు భయపడ్డాడు. పచ్చగా ఉన్నందుకు ఆపుతున్నారు. ఆపదలచుకున్నవాళ్ళకి రంగుతో పనేముంది? నిజం చెబితే మోసగాడని గెంటేస్తారు. చెప్పకపోతే మర్యాదగా పంపేస్తారు. తేడా అంతే.

"నిద్రే సరిగ్గా లేదు," డాక్టరు ఇంకా తెర చూస్తున్నాడు. "రాత్రిళ్ళు మాటిమాటికీ లేస్తున్నారు. ఎందుకలా?"

"లేచేది నేనండీ," అంది పక్కనే కూర్చున్న భార్య. "ఆ పట్టీ నా చేతికుంది."

డాక్టరు కళ్ళజోడు తీశాడు. "మీ చేతికా? ఎందుకమ్మా?"

"ఆయనది ఎర్రగా వస్తోందని."

"ఎర్రగా వస్తే మందు మారుస్తాను గానీ మనిషిని వదిలేస్తానా? ఇన్నాళ్ళూ నేను వైద్యం చేసింది మీకా?"

"మీరడిగింది నిద్ర గురించి కదండీ. ఒత్తిగిలితే చాలు, ఆయన మూలుగుతారు. మూలిగినప్పుడల్లా లేచి వేడిగుడ్డతో వేళ్ళకు కాపడం పెడతాను. తెల్లారితే చొక్కా బొత్తాలు కూడా నేనే పెట్టాలి. అదంతా దాంట్లో లేదా?"

డాక్టరు మళ్ళీ తెర వైపు తిరిగాడు. ఈసారి చాలాసేపు చూశాడు.

"మీరు లేచిన ప్రతిసారీ ఉంది," అన్నాడు.

ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టాడు. ఇంజెక్షన్ ఆపనన్నాడు. పట్టీ మాస్టారి చేతికే ఉండాలని, ఈసారి పొద్దుటిపూటే రావాలని చెప్పి పంపాడు.

బయట వరండాలో ఆవిడ పట్టీ విప్పి మొగుడి చేతికి బిగించింది.

"మళ్ళీ ఎర్రగానే వస్తుందే," అన్నాడాయన.

"రానివ్వండి. మా తమ్ముడికి మాత్రం చూపించకండి."

రబ్బరు ఒరిసి కందిన మణికట్టును రుద్దుకుంటూ ఆవిడ బల్లమీద కూలబడింది. మాస్టారు వెళ్ళి ఇంజెక్షన్ గది ముందు వరుసలో నిలబడ్డాడు.