మీసాల కప్పు

"నా కప్పుని పీచుతో తోమకు, గీతలు పడతాయి" అన్నాడు అతను హాల్లోంచి, పేపరు మీంచి తల ఎత్తకుండానే.

సింకు ముందు నిలబడ్డ ఆమె చెయ్యి ఆగిపోయింది. గీతల కోసం కాదు. తోమేది తనే కాబట్టి గీతల సంగతి తనకి ముందే తెలుసు. ఆ కప్పుని మెత్తటి గుడ్డతో తుడుస్తోంది, వేలు పట్టని దాని ముక్కులోకి దూదిపుల్ల పెట్టి మరీ శుభ్రం చేస్తోంది. చెయ్యి ఆగింది 'నా' అన్న మాట దగ్గర. ఆమధ్య ఇదే కప్పు గుడ్డసంచీలో ఇంటికొచ్చినప్పుడు దీని పేరు 'నీ చెత్త'. "మళ్ళీ తెచ్చావా నీ చెత్త?" అన్నాడు ఆ రోజు. 'నీ' ఎప్పుడు 'నా' అయిందో, ఆ గోడ ఎప్పుడు దూకిందో ఆమె చూడనే లేదు. ఇంట్లో చాలా వస్తువులు అలాగే గోడ దూకాయి. పనికిరానంతకాలం అవి ఆమెవి. నలుగురికీ చూపించుకోవడానికి పనికొచ్చిన రోజు నుంచీ అతనివి.

బస్టాపు వెనక సందులో, చెప్పులు కుట్టే అతనికీ టైలరుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆ పాత సామాన్ల కొట్టు. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు, పోయినవాళ్ళ బీరువాలు సర్దేవాళ్ళు వద్దనుకున్నవన్నీ అక్కడికి చేరతాయి. కొట్టు నడిపే ఆవిడని అందరూ దుమ్ముపిన్ని అంటారు. "ఇంత దుమ్మేంటి పిన్నీ?" అని ఎవరైనా ముక్కు మూసుకుంటే, "దుమ్ము ఊరికే ఇస్తాను నాయనా, సామానుకే డబ్బులు" అంటుంది. పేరు తెలియని వస్తువు ఏదొచ్చినా కిటికీ కిందున్న బుట్టలో పడేస్తుంది. ఆ బుట్ట కోసమే ఆమె ప్రతి ఆదివారం వెళ్ళేది. కూరగాయల మార్కెట్టుకి అదే దారి కాబట్టి ఎవరినీ అడగక్కర్లేకుండా చెల్లుబాటైపోయింది. తొందరగా బేరమాడి, తొందరగా సంచీ నింపుకుంటే కాసేపు మిగిలేది. ఆ కాసేపే వారం మొత్తంలో ఆమెది.

దుమ్ముపిన్నికీ ఆమెకీ ఒక ఆట ఉంది. బుట్టలోంచి ఏది తీసినా మొదట అబద్ధమే చెప్పాలి. నిజం తర్వాత వెతుక్కోవచ్చు. ఒకసారి ఎముకతో చేసిన కత్తెరలాంటిది దొరికింది. నొక్కితే మూసుకోకుండా నోరు తెరుస్తోంది.

"ఇది మాట్లాడని కోడళ్ళ నోరు తెరిపించేది" అంది దుమ్ముపిన్ని.

"కాదు పిన్నీ, అత్తగారి నోరే ఇది. చూడు, ముట్టుకుంటే చాలు తెరుచుకుంటోంది."

ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు. ఆ తర్వాత దాన్ని హ్యాండుబ్యాగులో వేసుకుని చాలారోజులు తిరిగింది. బస్సులో తీసి చూసేది. దేనిలో దూరుతుంది? దేన్ని వెడల్పు చేస్తుంది? ఒకరోజు ఎదురు సీట్లో హెల్మెట్ ఒళ్ళో పెట్టుకున్న అమ్మాయెవరో వానకి తడిసి ముడుచుకున్న తోలు చేతితొడుగుల్లోకి వేళ్ళు దూర్చలేక తంటాలు పడుతోంది. ఆమె చప్పున బ్యాగులోంచి దాన్ని తీసింది. చేతితొడుగుల వేళ్ళు సాగదీసేది! పరీక్ష ఫలితాల పేపర్లో తన నంబరు చూసుకున్న నాడు కూడా అంత సంతోషం కలగలేదు. అప్పుడు నాన్న మొదట ఏడ్చి తర్వాత నవ్వాడు. ఇప్పుడు చెప్పుకోవడానికి ఎవరూ లేక బస్సులో ఒక్కతే నవ్వుకుంది. కండక్టరు వింతగా చూశాడు.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. కొలతలు తీసేది ఆమే. రెండు కంటిపాపల మధ్య దూరం వెంట్రుకవాసి తేడా వచ్చినా తలనొప్పి వస్తుంది కాబట్టి ఊపిరి బిగపట్టి తీస్తుంది. తీయించుకున్నవాళ్ళు ఆమె భుజం మీంచి లోపలికి తొంగిచూసి "సార్ లేరా?" అంటారు. సార్ ఫోన్లో సినిమా చూస్తూ ఉంటాడు. బయటికొచ్చి, ఆమె చీటీ మీద వేసిన అంకెనే గొంతు సవరించుకుని పైకి చదువుతాడు. వాళ్ళకప్పుడు నమ్మకం కుదురుతుంది. మొదట్లో మనసు చివుక్కుమనేది. ఇప్పుడు అదీ లేదు, అరిగిపోయింది. బుట్టలో వస్తువుల ముందు మాత్రం సార్ ఉండడు. అక్కడ ఆమె చెప్పిందే అంకె.

ఇంట్లో వాటి స్థానం వంటింటి తలుపు వెనక, చీపురు పైన ఉన్న అర. "మా వదిన మ్యూజియం తెరిచిందా?" అని ఆడపడుచు వచ్చినప్పుడల్లా అడుగుతుంది. "ఎవరి ఇంట్లో ఎవరు చచ్చారో, వాళ్ళ సామాను మనకెందుకమ్మాయ్" అంటుంది అత్తగారు. "అడుక్కునేవాళ్ళు కూడా పారేసినవి" అంటాడు అతను. ఆమె మారు మాట్లాడదు. మాట్లాడితే ఆదివారం పోతుంది.

అలాంటి అరలోకి వచ్చింది ఆ కప్పు. తెల్లటి పింగాణీ. పైన సగం మూత పెట్టినట్టు కప్పేసి ఉంది. ఒక పక్క చిన్న ముక్కు. పిడి మాత్రం ముక్కుకి ఎదురుగా లేదు, పక్కకి ఉంది. ఆ పిడే ఆమెకి నిద్రపట్టనివ్వలేదు. చేసినవాడు తాగుబోతైనా అయ్యుండాలి, తెలివైనవాడైనా అయ్యుండాలి అనుకుంది. షాపు నుంచి చిన్న భూతద్దం తెచ్చి అడుగున ఏదైనా ముద్ర ఉందేమోనని చూస్తుంటే అతను వెనకనుంచి వచ్చి చేతిలోంచి లాక్కున్నాడు. ఫోను తీసి ఫొటో కొట్టాడు. టీ చల్లారేలోపే తేల్చేశాడు.

"మీసాల కప్పు ఇది! పూర్వం గొప్పవాళ్ళు మీసం తడవకుండా తాగేవాళ్ళట. చూడు, ఫోన్లో బొమ్మ కూడా ఉంది."

"ఆ బొమ్మలో ముక్కు లేదండీ. పిడి కూడా—"

"ముక్కులోంచి తాగితే మీసం అసలే తడవదు. అది కూడా తట్టలేదా? వారం నుంచీ భూతద్దం పట్టుకుని కూచున్నావు, నేను ఒక్క నిమిషంలో కనిపెట్టా."

మర్నాటి నుంచి అతని టీ అందులోనే. మీసం మీద అతనికి ఎప్పుడూ మమకారమే. కానీ పిడి పక్కకి ఉండటంతో ముక్కు నోటి దగ్గరికి రావాలంటే మోచెయ్యి గాల్లోకి లేపి మణికట్టు మెలిపెట్టాలి. కోడి రెక్క ఎత్తినట్టుండేది. రోజూ చొక్కా మీద రెండు మూడు చుక్కలు పడేవి. "మరీ నిండా పోసి చస్తావేంటి?" అనేవాడు. ఆమె తక్కువ పోసేది. "టీ కూడా పొదుపేనా?" అనేవాడు. ఆమె చొక్కాలు నానబెట్టేది. గొప్పవాళ్ళ మీసాల కింద ఎంతమంది ఆడవాళ్ళు చొక్కాలు ఉతికారో అనుకుంటూ కాలరు రుద్దేది.

ఆ తర్వాత అత్తగారికి జ్వరం వచ్చింది. లేవలేకపోతోంది. మధ్యాహ్నం పూట దాహం, దాహం అని మూలిగితే ఆమె తోమిన గిన్నెల్లోంచి చేతికందిన దాంట్లో గోరువెచ్చటి నీళ్ళు పోసి పరుగెత్తుకొచ్చింది. మంచం పక్కన కూచుని, ఎడమచెయ్యి మెడ కిందకి పోనిచ్చి తల కాస్త ఎత్తి, కుడిచేత్తో కప్పు వంచింది. ముక్కు తిన్నగా వెళ్ళి అత్తగారి పెదాల మధ్య ఆగింది. మణికట్టు తిప్పలేదు. మోచెయ్యి లేవలేదు. పైనున్న సగం మూత వల్ల నీళ్ళు ఎగదన్నలేదు. ఒక్క చుక్క కూడా దిండు మీద పడలేదు.

చూపులకి అందనిది చేతికి తెలిసిపోయింది. తాగేవాళ్ళ కోసం పెట్టిన పిడి కాదది, తాగించేవాళ్ళ కోసం పెట్టింది. ఎప్పుడో, ఎక్కడో, ఎవరో ఒక ఆమె ఇలాగే మంచం అంచున కూచుని, ఒక చేత్తో తల మోస్తూ ఇంకో చేత్తో దీన్ని పట్టుకుంది. పట్టుకోబోయే ఆమెని ముందే తలుచుకుని దీన్ని చేశారెవరో. మామగారు మంచాన పడ్డ ఏడాది ఈ కప్పు దొరికి ఉంటే! ఆయనకి చెంచాతో తాగించేది. సగం గడ్డం మీంచి కారిపోయేది. మళ్ళీ దుప్పటి మార్చి, మళ్ళీ ఉతికి, మళ్ళీ చెంచా పట్టేది. అతను గుమ్మం దగ్గర నిలబడి "తాగారా నాన్న?" అని అడిగి వెళ్ళిపోయేవాడు.

"ఎంత సులువుగా దిగాయే నీళ్ళు" అంది అత్తగారు కళ్ళు మూసుకునే. తర్వాత కళ్ళు తెరిచి కప్పు చూసి కంగారుపడింది. "వాడి కప్పా! ముందు కడిగి పెట్టెయ్. వాడు చూస్తే అరుస్తాడు."

అత్తగారికి నెమ్మదించాక చూడటానికి ఆడపడుచూ ఆమె భర్తా వచ్చారు. అత్తగారు దిండుకి ఆనుకుని హాల్లో కూచుంది. అతను కప్పు తెప్పించి చేత్తో పట్టుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"పాత సామాన్లలో దొరికింది బావా. ఎవరికీ అంతుపట్టలేదు. నేను చూడగానే కనిపెట్టా. మీసాల కప్పు."

"అబ్బో, మా బావ పరిశోధకుడైపోయాడే!" అన్నాడు ఆడపడుచు భర్త. "అయితే మాలాంటి నున్నమూతి వాళ్ళకి ఇందులో పోయరన్నమాట."

అందరూ నవ్వారు. ఆడపడుచు అంది, "చూడు వదినా, నీ మ్యూజియానికి కూడా మా అన్నయ్యే కావాల్సొచ్చింది."

ట్రే కింద పెడుతూ ఆమె అంది, "అది మీసాలకి కాదండీ. మంచాన ఉన్నవాళ్ళకి తాగించేది. పిడి చూడండి, పక్కకి ఉంది. తాగించేవాళ్ళు పట్టుకోవడానికి. మొన్న అత్తయ్యగారికి ఇందులోనే నీళ్ళు పట్టాను. కదా అత్తయ్యా?"

అత్తగారు చీర కొంగు అంచు సర్దుకుంటూ "ఏమో, జ్వరంలో నాకేం గుర్తు!" అంది.

అతని మొహం ఎర్రబడింది. కానీ నవ్వాడు. "మా ఆవిడకి పింగాణీ కనిపిస్తే ఆస్పత్రే గుర్తొస్తుంది బావా. మంచాన పడ్డవాళ్ళ సంగతి నాకు చెబుతోంది చూడు. నాన్నని ఏడాదిపాటు కళ్ళలో పెట్టుకుని చూసుకున్నది ఎవరు? నా చేతుల్తో తాగించాను నేను."

"నిజమే, మా అన్నయ్య చేసినట్టు ఏ కొడుకూ చెయ్యడు" అని ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది. ఆడపడుచు భర్త గౌరవంగా తల ఊపాడు.

ఆమె ట్రే వదిలి నిటారుగా నిలబడింది. గొంతు పెంచలేదు. కొలత తీసేటప్పుడు అడిగినట్టే అడిగింది.

"ఏ చేత్తో తాగించేవారండీ?"

"ఏంటి?"

"మామయ్యగారికి. ఏ చేత్తో?"

"ఏ చేత్తో ఏంటి, రెండు చేతుల్తోనూ!" అన్నాడు అతను. కప్పుని రెండు చేతుల మధ్య పెట్టి దండం పెడుతున్నట్టు చూపించాడు కూడా.

"మరి తల ఎవరు పట్టుకున్నారు?"

ఆడపడుచు భర్త నవ్వబోయి మానేశాడు. ఆడపడుచు తల్లి వైపు చూసింది. తల్లి గోడ వైపు చూసింది. అతని రెండు చేతులూ ఇంకా కప్పు చుట్టూ అలాగే ఉన్నాయి, ఎక్కడ దించాలో తెలియనట్టు.

వాళ్ళు వెళ్ళేదాకా అతను ఓపిక పట్టాడు. గేటు మూసిన చప్పుడు వినగానే వంటింట్లోకి వచ్చాడు.

"నలుగురిలో నా పరువు తీశావు. కడుపు నిండిందా?"

ఆమె గిన్నెలు సర్దుతోంది.

"తప్పు నాదేలే, నెత్తికెక్కించుకున్నాను. ఇవాళ్టి నుంచీ ఆ కొట్టు మొహం చూడటానికి వీల్లేదు. కూరగాయలు ఇంటికి తెచ్చిచ్చే కుర్రాడున్నాడు, వాడికి చెబుతాను. ఆ అరలో ఉన్నవి కూడా తీసి పారెయ్."

అతను విసురుగా వెళ్ళిపోయాక అత్తగారు గోడ పట్టుకుంటూ మెల్లగా వచ్చి గుమ్మంలో నిలబడింది. గొంతు తగ్గించి అంది, "నువ్వన్నది నిజమే అమ్మాయ్. ఆయనకి నువ్వే తాగించావు, నాకు తెలీదా? కానీ అందరి ముందూ అనాలా?"

ఈ మాట కోసమా ఇన్నేళ్ళు ఎదురుచూసింది? వంటింట్లో ఒప్పుకున్న నిజం హాల్లో అబద్ధమైపోతుంటే అది ఎవరికి కూడు పెడుతుంది? "అందరి ముందూ ఆయన అన్నారుగా అత్తయ్యా" అంది. అత్తగారు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఇంట్లో తలుపులే మాట్లాడాయి. అరలో ఉన్నవాటిని ఆమె తీసి పారెయ్యలేదు. అతను చూసి కూడా ఊరుకున్నాడు, ఆదివారం దాకా చూద్దామన్నట్టు.

ఆదివారం పొద్దున కూరగాయల కుర్రాడు గుమ్మంలో సంచీ పెట్టి వెళ్ళాడు. అందులో అన్నీ ఉన్నాయి. బయటికి వెళ్ళడానికి ఇక ఏ సాకూ లేదు. ఆమె సంచీని వంటింటి గట్టు మీద పెట్టింది. చెప్పులేసుకుంది. ఖాళీ చేతుల్తో వీధి దాటుతుంటే ఒళ్ళు తేలిగ్గా, కొత్తగా, కాస్త భయంగా ఉంది. సాకు లేకుండా తను వీధిలో నడిచి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

"ఈసారి నాకే భయమేసింది దీన్ని చూసి" అంటూ దుమ్ముపిన్ని బుట్టలోంచి ఒకటి తీసిచ్చింది. చెక్కపిడి, దానికో ఇత్తడి చక్రం, లోపలెక్కడో స్ప్రింగు. చక్రం తిప్పుతూ పోతే ఉన్నట్టుండి టింగుమని గంట మోగుతోంది. "ఇది అత్తగారు వంటింట్లోకి వస్తోందని చెప్పే గంట" అంది పిన్ని, ఆట ప్రకారం.

ఆమె నవ్వి కిటికీ దగ్గర స్టూలు లాక్కుంది. ఎన్ని చుట్లకి మోగుతోందో తెలిస్తే సగం దొరికినట్టే. లెక్కపెట్టడం మొదలుపెట్టింది. సగంలో ఫోను మోగింది.

"ఎక్కడ చచ్చావు?"

"కొట్లో ఉన్నానండీ."

"వద్దని చెప్పానా? పొయ్యి మీద ఏమీ లేదు. అమ్మ ఆకలంటోంది. ఏం చేస్తున్నావక్కడ?"

"ఒకటి దొరికింది. చూస్తున్నాను."

"ఏంటది?"

చక్రం మీద వెలుతురు పడుతోంది. పళ్ళ మధ్య ఎవరిదో పాత దారప్పోగు ఒకటి ఇరుక్కుని ఉంది. ఆమె దాన్ని గోటితో మెల్లగా లాగింది.

"ఇంకా తెలీదు. తెలిసేదాకా ఇక్కడే ఉంటాను" అని ఫోను పక్కన పెట్టి, మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టసాగింది.