దాలమ్మ ఏమీ చెప్పని రోజు

గణపతిరావు ఒక కాలు సైకిలు పెడల్ మీద, ఇంకో కాలు గుమ్మం మెట్టు మీద పెట్టి నిలబడ్డాడు. క్యారియర్ హ్యాండిల్‌కు తగిలించాడు. బ్రేకు నొక్కి చూసుకున్నాడు. ఇక మిగిలింది భార్య మాట కోసం ఎదురుచూడటమే.

దాలమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "సరే మావా, ఎల్లొచ్చీ" అని లోపలికి వెళ్ళిపోయింది.

పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చిన నాటి నుంచి ఆమె ఏ ఉదయమూ అతన్ని ఊరికే పంపలేదు. ఎందుకో మనసు బాగోలేదనేది. క్రేను కిందికి వెళ్ళొద్దనేది, పిల్లికళ్ళవాడు టీ ఇస్తే తాగొద్దనేది. ఆమె చెప్పినవాటిలో జరిగినవి బహు తక్కువ. జరగకపోతే, తాను హెచ్చరించబట్టే జరగలేదని సంతోషించేది. ఒకసారి సైకిలెక్కొద్దంటే టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, వెళ్ళాడు. అది పూరీగేటు దగ్గర కాలవలో బోల్తా పడింది. మోకాలికి కట్టుతో వచ్చిన మొగుణ్ణి చూసి, సైకిలు వద్దన్నాను గానీ టోటో ఎక్కమన్నానా అని నిలదీసింది.

"ఏటే, ఈయేల ఏటీ సెప్పవా?" గుమ్మంలోంచే అడిగాడు.

"ఏటి సెప్పాల? ఏటీ నేదు."

గణపతిరావు పొట్టి మనిషి, గుండ్రటి బొజ్జ, గోళ్ళ అంచుల్లో ఎన్నటికీ వదలని తెల్లరంగు. వర్క్‌షాపులో రైల్వే వ్యాగన్ల మీద నంబర్లు రాయడం అతని ఉద్యోగం. అతని చేతిరాత దేశమంతా తిరిగొచ్చింది. అతను మాత్రం ఖరగ్‌పూర్ నుంచి పలాస దాటి ఎరగడు. తనకంటూ ఏ రోజూ ఏదీ అనిపించలేదు. ఇంట్లో అనిపించే మనిషి ఒకరుండగా రెండోవారు దండగ అనుకునేవాడు.

ఆ ఉదయం మలంచా రోడ్డు మీద ఎంత అంచుకు పోయాడంటే, మేకలే పక్కకు తప్పుకుని దారిచ్చాయి.

వర్క్‌షాపులో దాలమ్మ జోస్యం రోజూ వాతావరణ వార్తల్లాంటిది. గణపతిరావు రాగానే అందరూ అడిగి తెలుసుకుని, ఎవరికి పనికొచ్చింది వాళ్ళు తీసుకునేవారు. ఇవాళ ఏమీ చెప్పలేదనేసరికి అంతా చప్పబడిపోయారు. పక్కనే కూర్చున్న విల్‌ఫ్రెడ్, అతనితో పాటే ఉద్యోగంలో చేరిన స్నేహితుడు, ముక్కాలిపీటను కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

"సెప్పడానికేటీ మిగల్లేదేమో బావా" అన్నాడు నెమ్మదిగా. ఆ మాట ఎలా వినిపించిందో తనకే అర్థమై, నీకోసం ప్రార్థన చేస్తానులే అని సర్దబోయాడు. దాంతో గణపతిరావుకు మిగిలిన ధైర్యం కూడా పోయింది.

అతను నిచ్చెన ఎక్కలేదు. నేల మీద నిలబడి ఎంతవరకు అందితే అంతవరకే నంబర్లు రాశాడు. మధ్యాహ్నం ముల్లు గుచ్చుకుంటుందని చేపముక్క పక్కన పెట్టి వట్టి పులుసన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుంటుండగా బొడ్డు కింద ఏదో లాగింది. చొక్కా పట్టుకుని ఎవరో ఇంటివైపు లాగుతున్నట్టుంది. గేసు అన్నాడు విల్‌ఫ్రెడ్. సోడా తాగించాడు. గణపతిరావు గట్టిగా త్రేన్చాడు. అయినా లాగుడు పోలేదు.

పోవడమే రాసిపెట్టి ఉంటే ఈ ఇనప సామాన్ల మధ్య కాకుండా ఇంట్లోనే పోదామనుకున్నాడు. ఛార్జిమెన్ ఘోష్‌బాబు దగ్గరికి వెళ్ళి సగం రోజు సెలవడిగాడు. కారణమేమిటంటే ఏం చెప్పాలో తోచక, తనకొచ్చిన బెంగాలీలో "మొన్ కేమొన్ కొర్చే, దాదా" అన్నాడు. మనసు అదోలా ఉందని. జ్వరమంటే థర్మామీటరు తెప్పించే ఘోష్‌బాబు ఆ మాటకు కళ్ళజోడు తీసి, జాలిగా చూసి, సంతకం పెట్టేశాడు.

గణపతిరావు సైకిలెక్కలేదు. ఇల్లు చేరేదాకా నడిపించుకునే వచ్చాడు.

దాలమ్మ పెరటి మెట్ల మీద కూర్చుని ఉంది. ఇంత పెందరాళే వచ్చావేమని అడిగింది.

"పొద్దుట నువ్వేటీ సెప్పనేదు. పోతానేమోనని వచ్చీసినాను."

దాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. భుజాలు కదిలేలా, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. "నీకేటవుతాది మావా? రాయిలాగున్నావు."

"మరేటికి సెప్పనేదు?"

"నీ మీద ఏటీ అనిపించనేదు. నిజంగానే అనిపించనేదు" అని, టీ పెట్టడానికి లేచింది.

ఇద్దరూ మెట్ల మీదే కూర్చుని టీ తాగారు. పెళ్ళాం పక్కన మధ్యాహ్నం వేళ కూర్చోవడం అతనికి కొత్తగా ఉంది. ఆ వేళప్పుడు ఎండ బావి గట్టు దాకా వస్తుందని, పక్కింటి కోళ్ళు వీళ్ళ గోడ మీదికెక్కి కునుకు తీస్తాయని అతనికి తెలియదు. దాలమ్మ చిక్కుడుకాయల పళ్ళెం మధ్యకు జరిపింది. నార తీయడం చేతకాదన్నా వినలేదు. అతను తుంచిన కాయలు చూసి మళ్ళీ నవ్వింది. కాసేపటికి, కళ్ళు మూతలు పడుతున్నాయంటూ గోడకు జారగిలబడింది.

తనకు జీవితంలో మొదటిసారి ఒకటి అనిపించిందని, సోడాకు కూడా అది పోలేదని అతను చెప్పుకుపోయాడు. ఊ కొట్టకపోతే నిద్రపోయిందనుకుని గొంతు తగ్గించాడు. ఎండ ఆమె కాళ్ళ మీదికి వచ్చింది. కాళ్ళు ముడుచుకోలేదు. అప్పుడు చెయ్యి పట్టుకుని చూశాడు. వదలగానే అది జారి పడిపోయింది.

సాయంత్రానికి షాపు షాపంతా వచ్చింది. దాలమ్మకు ముందే తెలిసిందని అందరూ అన్నారు. లోపలికి రమ్మని విల్‌ఫ్రెడ్ రెక్క పట్టుకుని లేపబోయినా గణపతిరావు మెట్టు మీంచి కదల్లేదు. పక్కన పళ్ళెంలో ఆమె చివరగా పట్టుకున్న చిక్కుడుకాయ ఉంది, సగం దాకా తీసిన నార దానికింకా వేలాడుతూ.