నల్లబడిన గుడ్లు

మూతికి కొంగు బిగించి కట్టుకుని సైదమ్మ పురుగులను పెంచే జొన్నరవ్వ డబ్బాల మూతలు తీస్తోంది. తీసినప్పుడల్లా బూడిదరంగు రెక్కల పురుగులు గుప్పున లేస్తున్నాయి. వాటి రెక్కల పొడి ఆమె కనుబొమల మీద, చేతి ముడతల్లో పేరుకుంది. ఆ పొడే ఊపిరి తీయనివ్వడం లేదని, ఆ గదిలో పని మానేయమని నల్గొండలో డాక్టరు చెప్పాడు. సరేనంది. కానీ మానేసి కిరాయి గదిలో ఎవరి మొహం చూస్తూ కూర్చోవాలి?

ఆ పురుగుల గుడ్లను జిగురుతో అట్టముక్కలకు అంటించి, చీమ తలకన్నా చిన్నవైన కందిరీగలున్న సీసాలో పెడుతుంది. అవి మనిషిని కుట్టవు. ఒక్కో గుడ్డులో తమ గుడ్డు పెడతాయి. లోపలి పిల్ల దాన్నే తిని పెరిగేకొద్దీ తెల్లని గుడ్డు నల్లబడుతుంది. ఆ అట్టను వరి ఆకుకు తగిలిస్తే, బయటికొచ్చిన కందిరీగలు వరి కాండాన్ని తొలిచే మొగిపురుగు గుడ్లను వెతుక్కుంటూ పోతాయి. పురుగు పుట్టకముందే పోతుంది. మందు కొట్టే పని తప్పుతుంది.

ఆమె భర్త ఎల్లయ్య పత్తికి మందు కొడుతూ, వీపున పంపుతోనే చేలో పడిపోయాడు. ఆ తర్వాతే నకిరేకల్ శివారులోని ఈ మిత్రపురుగుల పెంపకం కేంద్రంలో పనికి కుదిరింది. అట్టలు రైతులు పట్టుకుపోతారు. అవి పొలంలో ఏం చేస్తాయో ఆమె ఏనాడూ చూడలేదు.

ఆ పొద్దున భీమయ్య అనే రైతు వచ్చాడు. పోయినసారి అట్టలు బండి డిక్కీలో ఎండకు మాడిపోయాయని, ఎవరైనా వచ్చి కట్టే తీరు చూపించమని అడిగాడు. కేంద్రం చూసుకునే నవనీత ఇంకా ఆలోచిస్తుండగానే సైదమ్మ మూతికి కట్టిన కొంగు విప్పింది.

"నేను పోత, మేడం."

పొలం దగ్గర భీమయ్య జామకాయ కోసి ఇచ్చాడు. ఒక్కసారి కొరికి మోటారు స్టార్టరు డబ్బా మీద పెట్టి, మడిలోకి దిగింది. ఆకుల అడుగున అట్టలు కడుతుంటే ఒక అట్ట మీద నల్లని నలుసులు కదిలాయి. అంచుదాకా నడిచాయి. ఆ తర్వాత కనిపించలేదు.

"ఎటు పోయినయ్ తమ్మీ?"

"నా కండ్లకు ఆనుతలేవక్కా."

ఆమె చాలాసేపు వంగి చూసింది.

"మా ఆయన బతికున్నప్పుడు గివి ఉంటే మంచిగుండేది," అంది. ఏళ్లుగా ఎవరితోనూ అనని మాట. ఆయన ఎలా పోయాడో భీమయ్యకు తెలియదు. తలూపి ఇంకో అట్ట అందించాడు.

కాసేపటికి ఆమె రొప్పుతూ గట్టెక్కింది. "జర దమ్ము వస్తాంది. నువ్వు గా మడి కానియ్యి."

భీమయ్య అవతలి మడి ముగించి వచ్చేసరికి ఆమె మోటారు కొట్టం గోడకు ఆనుకుని, వరి వైపు మొహం పెట్టి కూర్చునుంది. "అక్కా," అన్నాడు. దగ్గరికొచ్చి భుజం తట్టాడు. తల ఒక పక్కకు వాలింది. ఛాతీ కదలడం లేదు. అతను తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, కేంద్రానికి కాక ఆమె వాళ్లంటూ ఇంకెవరికి కబురు పెట్టాలో తెలియక నిలబడిపోయాడు.

స్టార్టరు డబ్బా మీద, ఒక్క పంటిగాటు పడిన జామకాయ కొరికినచోట ఎర్రబారుతోంది.