లోపం చెప్పే పని

ఉద్యోగం ఇవ్వకపోతే పోనీ, ఎందుకివ్వలేదో చెప్పే సంస్కారమొకటి ఈమధ్య కంపెనీలకు పుట్టుకొచ్చింది. ఆదిత్యపూర్‌లోని ఒక కాంట్రాక్టు కంపెనీకి హెచ్.ఆర్. మేనేజరు అభిలాష్. ఆయన రాంచీలో ఏదో శిక్షణకు వెళ్లి, సమోసాలు తిని, దీన్ని అంటించుకొచ్చాడు. ఇంటర్వ్యూలో తప్పినవాళ్లకు ఫోన్ చేసి, వాళ్లలో లోపమేమిటో ప్రేమగా చెప్పాలట. దాని పేరు ఫీడ్‌బ్యాక్.

ఆ ప్రేమ పంచే పని ఆఫీసులో చిన్న ఉద్యోగి అయిన శైలజ మీద పడింది.

ఈసారి పిలిచింది సేఫ్టీ సూపర్‌వైజర్ ఉద్యోగానికి. తీరా చూస్తే, అది ఇంటర్వ్యూలకు ముందే కంపెనీ యజమాని బావమరిదికి ఖాయమైపోయింది. ఆయనగారి తలకు సరిపడే హెల్మెట్ కూడా తెప్పించారు. తాళి కట్టేసిన పిల్లకు పెళ్లిచూపులు పెట్టి, వచ్చినవాళ్లందరికీ టీలిచ్చి, ఇప్పుడు నీ ముక్కు వంకర, నీ నడక వంకర అని కబురంపడమన్నమాట.

"లోపం కనబడకపోతే ఏం చెప్పను సర్?" అని శైలజ హిందీలో అడిగింది.

"కనబడకపోవడమేమిటి? కాన్ఫిడెన్స్ తక్కువని చెప్పు. ఉద్యోగం లేనివాడికి అది ఎలాగూ తక్కువే ఉంటుంది," అన్నాడు అభిలాష్. తన తెలివికి తనే కాసేపు మురిసిపోయాడు.

మొదటి ఫోన్ రైల్వే యార్డు పక్క బాగ్‌బేరాలో ఉండే కుర్రాడు మోహిత్‌కి. అతడి ఇంటర్వ్యూ రోజున శైలజ ఆ గదిలోనే ఉంది. అడిగినవాటికన్నిటికీ సరైన జవాబే చెప్పాడు. కాకపోతే బల్ల మీది గ్లాసులో నీళ్లు కదిలేంత గట్టిగా చెప్పాడు. అభిలాష్ కాగితం మీద 'అగ్రెసివ్' అని రాసుకున్నాడు. ఇప్పుడు అమ్మాయి ఎంత ప్రేమగా మాట్లాడుతుందో విందామని స్పీకర్ పెట్టించి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మోహిత్ హై?" అంది శైలజ.

"బాహర్ హై. హమ్ మా హై," అని అతడి తల్లి గొంతు పలికి, వెంటనే పక్కకు తిరిగి తెలుగందుకుంది. "ఇదుగో, ఆ టీవీ తగ్గించు. ఆఫీసోలు."

శైలజకు సిద్ధగోరాలోని తమ ఇంట్లో నాన్నమ్మ మాట్లాడే తెలుగు విన్నట్టయింది. "మనోలేనా పిన్నీ?" అంది.

"అవునమ్మా, నూకమ్మంతారు నన్ను. ఉద్యోగం వచ్చినాదేటి?"

"రానేదు పిన్నీ."

"ఈపాలి ఏటి లోపవన్నారు తల్లీ?"

"ఈపాలంతన్నావేటి?"

"మొదుట కంపెనీవోలు గొంతు లెగట్నేదన్నారు. మిరియాల పాలు పట్టినాను. రోజూ యార్డుకెల్లి, గూడ్సు ఎల్తన్నప్పుడు పక్కన నిలబడి మాటాడరా అన్నాను. ఆ మోత మీద ఇనబడితే ఏ ఆఫీసరుకైనా ఇనబడతాది గదా. ఇంకో కంపెనీవోలు కళ్లల్లోకి సూడ్డనేదన్నారు. అప్పట్నించి రెప్పెయ్యకుండా వాళ్ల నాన్నని సూత్తన్నాడు. ఆయనకి అన్నం దిగట్నేదు."

శైలజకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేకపోయింది.

"రేపు ఇంకో దగ్గిర పిలుపుంది," అంది నూకమ్మ. "వేగన్లు బాగుసేసే కాంట్రాక్టరు. ఎల్లనంతన్నాడు. మీరు సెప్పిన లోపం కూడా సరిసేసుకుని అప్పుడెల్తాడంట. ఎన్నని సరిసేత్తాడమ్మా? కన్నదాన్ని, నాకు ఒకటీ కనబడ్నేదు."

ఇంకా మొదలుపెట్టవేమని అభిలాష్ పెన్నుతో సైగ చేశాడు. శైలజ ఆయన వైపు చక్కగా నవ్వి, గొంతులో పంచదార కలిపింది.

"పిన్నీ, ఎదర కూకున్నాయనకి మన మాట రాదు. ఊకొడతా ఇను. నడాన ఇంగిలీసు ముక్కలేత్తాను, అయ్యి వదిలెయ్. కమ్యూనికేషన్... మీవోడు అన్నీ సరిగ్గానే సెప్పినాడు, నాను అక్కడే ఉన్నాను. బాడీ లాంగ్వేజ్... ఈ పని మా పెద్దాయన బావమరిదికి ముందే ఇచ్చేసినారు. కాన్ఫిడెన్స్... మీవోడిలో లోపం నేదు, మా దగ్గిరుంది. రేపు తప్పకుండా ఎల్లమను. అరవొద్దను. ఆఫీసు గదిలోకి గూడ్సు రాదు."

ఇంగ్లీషు ముక్క వినబడ్డప్పుడల్లా అభిలాష్, హారతి గంటకు తలవంచే భక్తుడిలా తలాడించాడు.

నూకమ్మ "సల్లగుండు తల్లీ," అని, ఫోన్ కట్ చెయ్యకుండానే ఎక్కడో పెట్టేసి బయటికి వెళ్లింది. దూరంగా గూడ్సు పోతున్న మోత. ఆ మోతను చీల్చుకుంటూ ఆమె కేక.

"రేయ్ మోహితూ, అరిసింది సాల్లే, రా. రేపటికి సొక్కా ఇస్త్రీ సెయ్యాల."

అభిలాష్ ఉలిక్కిపడి, ఏమిటా అరుపని అడిగాడు.

"థ్యాంక్స్ చెబుతున్నారు సర్," అంది శైలజ.

ఆయన మొహం చిట్లించి, ముందున్న కాగితం మీద 'కుటుంబమంతా అగ్రెసివ్' అని రాసుకున్నాడు.