వంటింటి శ్రుతి

నలభై దాటినా ఆ గాయనిని అందరూ పాపాయి అనే పిలుస్తారు. పొద్దున్నే అమ్మకి మందు వేసి, వీపు రాసి, దగ్గు కాస్త తెరిపినిచ్చాక పక్కగదిలో పాత క్యాసెట్ల ముందు కూర్చుంటుంది. వాళ్ల బ్యాండు తొలినాళ్ల పాటలన్నీ కలిపి ఒక ఆల్బమ్ తెస్తున్నారు. అన్నీ ఈ గదిలో రికార్డు చేసినవే. అప్పట్లో ఉన్న ఒక్క గిటారుకీ శ్రుతి నిలిచేది కాదు. అందుకని వంటింట్లో అమ్మ తీసే కూనిరాగాన్ని పట్టుకుని పాపాయి పాట ఎత్తుకునేది.

టేపుల్లో రొద తుడిచే పని డ్రమ్ములు వాయించే టిక్కుది. అతను ఏ చప్పుడు చెరిపితే అది బయటా ఆగిపోతోంది. ఎదురింటి గేటు కిర్రు చెరిపిన రోజు ఆ ఇంటావిడ పనిగట్టుకుని వచ్చింది.

"నూనె పొయ్యక్కర్లేకుండా చేశారు. మా ఆయన గురక కూడా ఎక్కడైనా పడిందేమో చూడండి బాబూ!"

చివరి పాటలో అమ్మ దగ్గు ఉంది. ఇప్పటికీ వదలని ఈ దగ్గు మొదలైంది ఆ రోజుల్లోనే.

"ఇది తీసేస్తే అమ్మ బతికి బయటపడుతుంది టిక్కూ," అంది పాపాయి.

టిక్కు తలెత్తలేదు. "దగ్గూ రాగమూ పెనవేసుకుపోయాయి. విడదీయడం నా వల్ల కావట్లేదు. తీస్తే అమ్మ గొంతే పోతుందేమో."

"తీసెయ్ నాయనా," అంది గుమ్మం పట్టుకుని నిలబడ్డ అమ్మ.

"ఇక మాట్లాడలేవమ్మా!"

"ఇన్నేళ్లూ మాట్లాడితే నువ్వు విన్నదెప్పుడు?" నవ్వబోయి దగ్గింది. దగ్గీ దగ్గీ గోడకి చేరగిలబడింది. "ఒక్క పూట వెల్లకిలా పడుకోవాలనుందే."

పాపాయికి దుఃఖం ఆగలేదు. "చివరిసారి ఏదైనా అనమ్మా."

అమ్మ వంటింటివైపు చూసింది.

"పొయ్యి కట్టేశావా?" అంది.

టిక్కు చెరిపేశాడు. ఆ మధ్యాహ్నం అమ్మ వెల్లకిలా పడుకుని, ఒళ్లు మరిచి నిద్రపోయింది.

రాగం పోవడంతో పాట మొదలు బోసిపోయింది. మళ్లీ పాడక తప్పదు. పాపాయి మైకు ముందు నిలబడింది. టిక్కు పుల్లలు కొట్టి తాళం ఇచ్చాడు. మళ్లీ ఇచ్చాడు. పాపాయి చెవి వంటింటివైపే ఉంది.

నిద్ర లేచి వచ్చిన అమ్మకి కూతురు దేనికోసం ఆగిపోయిందో అర్థమైంది. నోరు తెరిచి రాగం తీయబోయింది. గాలి మాత్రమే వచ్చింది, దగ్గు లేని చక్కటి గాలి.

పాపాయి మైకు కట్టేసింది. పొయ్యి చూసొస్తానని చెప్పి వంటింట్లోకి వెళ్లింది.