రెండో శనివారం పెరిగే పిల్ల

నెలనెలా రెండో శనివారం కౌసల్య కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేది. పటేల్‌గూడ దిక్కున్న పెద్ద ఫ్యాక్టరీ పనోళ్లకు ఖాకీ బట్టలు కుట్టి బతుకుతున్నదామె. పటాన్‌చెరులో ఒక్క అర్ర కిరాయికి తీసుకొని ఉంటున్నది. ఆ రోజు మాత్రం పని ముట్టకుండా, సంచిలో ఒక కొత్త గౌను, కత్తెర, కొన్ని అటుకులు పెట్టుకొని సంగారెడ్డి బస్సెక్కేది.

సంగారెడ్డిలో బడిపంతులు సత్యరాజు సార్ ఇంటికి పోయేది. కోర్టు కాగితంలో ఆ ఇల్లే రాసి ఉన్నది. పది గంటల నుంచి పన్నెండు దాకా, సార్ ఎదుట, తల్లి బిడ్డను చూసుకోవచ్చునని.

విడాకులు ఇచ్చేనాడు జడ్జిగారు కౌసల్య వంకరగా అతికిన మణికట్టును చూసిండు, ఊడిన రెండు పళ్లను చూసిండు. భర్త రాజేశం కొట్టిండంటే నమ్మిండు కూడా. కాని బిడ్డకు ఐదేండ్లు నిండినయి, తండ్రికి సంగారెడ్డి బజార్లో ధాన్యం దుకాణమున్నది, సొంతిల్లున్నది. కొట్టింది నిన్ను గాని పిల్లను కాదు గదా అని అడిగిండు. కౌసల్యకు నలుగురిలో నోరు పెగలదు. తల వంచుకున్నది. బిడ్డ తండ్రికి పోయింది.

ఆ బిడ్డ రుక్మిణి తల్లి దగ్గరున్న రెండు గంటల్లోనే పెరిగేది. మిగిలిన నెలంతా గోరు కూడా పెరిగేది కాదు. కోర్టు ఇచ్చిందే రెండు గంటలైనప్పుడు పిల్ల ఎప్పుడు పెరగాలె అనుకున్నరు బజార్లో జనం. కౌసల్య గౌను కుట్టేటప్పుడే అంచులో నాలుగు మడతలు పెట్టేది. ఒళ్లో కూసున్న పిల్ల అటుకులు తింటుంటే గౌను మోకాళ్ల మీదికి జరిగేది. కౌసల్య ఒక మడత కుట్లు విప్పేది. సార్ భార్య సాయమ్మ చాయ్ తెచ్చి, ఈసారి గింజంత పొడుగైందని చెప్పి లోపలికి పోయేది.

అయితే రాజేశం పిల్లను సరిగ్గ పంపేటోడు కాదు. ఒక నెల జ్వరమనేటోడు, ఒక నెల ఊరికి పోయిందనేటోడు. అట్లాంటప్పుడు కౌసల్య పన్నెండు దాకా అరుగు మీద కూసుని, గౌను మడత విప్పకుండానే తిరుగు బస్సెక్కేది. ఇట్ల నాలుగేండ్లు గడిచినయి. తొమ్మిదేండ్ల రుక్మిణి ఆరేండ్ల పిల్ల లెక్కనే ఉన్నది. తోటి పిల్లలు ఆమెను చంకనేసుకొని ఆడించేటోళ్లు.

"సేటూ, బియ్యమంత అమ్ముకుంటున్నవా, బిడ్డకు గిన్ని పెడుతున్నవా?" అని హమాలీ పెంటయ్య నలుగురి ముందు అడిగితే రాజేశానికి తల కొట్టేసినట్లయింది.

పందొమ్మిది వందల డెబ్బై మూడు ఎండకాలం. ఆ శనివారం రాజేశం పిల్లను గేటు దగ్గర వదలకుండా తనే అరుగు మీదికి వచ్చిండు. కౌసల్య లేచి గోడకు ఆనుకొని నిలబడ్డది.

"ఇంటికి రా," అన్నడు మెల్లగ. "నువ్వు ఎదురుంటే పిల్ల దినాం పెరుగుతది. ఇగ ఎన్నడు చెయ్యెత్త. సార్ ముందట చెప్తున్న."

"ఇంతకుముందు పెద్దమనుషుల ముందట గూడ ఇదే అన్నవు సేటూ," అన్నడు సార్. "ఆ పళ్లు ఊడింది ఆ తర్వాతనే."

రాజేశం సార్ దిక్కు చూడలేదు. "బిడ్డ మీద ప్రేమ, పావురం ఉంటే వస్తవు," అని కౌసల్యకు చెప్పి, పన్నెండుకు వచ్చి జవాబు తీసుకుంటనని పోయిండు.

కౌసల్య బిడ్డను ఒళ్లో కూసోబెట్టుకొని అటుకులు పెట్టింది. పొద్దున లేస్తే పక్కల బిడ్డ, మాపటికి ఒక్క కంచంల ఇద్దరి బువ్వ. అది తలుచుకుంటే కాళ్లు ఆగేటట్టు లేవు.

"పోతనమ్మా," అన్నది సాయమ్మతో. "నాకు దెబ్బలు కొత్తనా."

రుక్మిణి అటుకులు పక్కకు పెట్టింది. "నువ్వు రాకు అమ్మా. నువ్వు పడ్డ చప్పుడు నాకింకా యాదికున్నది." తర్వాత సార్ దిక్కు తిరిగింది. "ఎంత పొడుగైతే జడ్జి నన్ను అడుగుతడు సార్?"

సార్ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "మీ అమ్మంత అయితే ఎవరిష్టం వాళ్లదే బిడ్డా."

రుక్మిణి తల్లి మెడ పట్టుకొని కండ్లు మూసుకున్నది. మడతలు నాలుగూ ఒకదాని వెనక ఒకటి విప్పాల్సి వచ్చింది. పాలపళ్లు కౌసల్య అరచేతిలో రాలినయి. చంకల దగ్గర గౌను పిగిలింది.

"మెల్లగ బిడ్డా," అన్నది కౌసల్య. "పదేండ్ల దగ్గర జెరసేపు ఆగు. చూసుకుంట."

రుక్మిణి ఆగింది. కౌసల్య రెండు జడలు అల్లి, ముఖం అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నది. పన్నెండయ్యేలోపల ఎదగాలె గనక పావుగంట కంటె ఎక్కువ ఆగడానికి లేకపోయింది. పదమూడేండ్లప్పుడు సాయమ్మ లోపలికి తీసుకపోయి తన చీర కట్టించింది. తర్వాతి ఏండ్లు కౌసల్య రెప్ప కొట్టేలోపల పోయినయి.

పన్నెండుకు రాజేశం వచ్చి, చీర కట్టుకున్న మనిషి వెనక పిల్ల కోసం వెతికిండు. ఆమె ముఖం చూసినంక తెలిసింది.

"నేను అమ్మతోని పోతున్న బాపూ," అన్నది రుక్మిణి.

అలవాటుగ అతని చెయ్యి లేచింది. రుక్మిణి జరగలేదు. ఆమె కండ్లు అతని కండ్లకు సరిగ్గ ఎదురుగ ఉన్నయి. లేచిన చేతితో నెత్తి మీది టోపీ సర్దుకొని మెట్లు దిగిపోయిండు.

సోమవారం దాకా తల్లీబిడ్డలు సార్ ఇంట్లోనే ఉన్నరు. కోర్టులో జడ్జిగారు రుక్మిణిని కింది నుంచి మీదికి చూసి, ఎవరి దగ్గరుంటవమ్మా అని అడిగిండు. అమ్మ దగ్గర అని చెప్పింది. గుమాస్తా రాసుకున్నడు. అంతే అయింది.

పటాన్‌చెరు బస్సులో కండక్టర్ టికెట్ల పెట్టె పట్టుకొని వచ్చిండు.

"ఒక ఫుల్లు, ఒక ఆఫు," అన్నది కౌసల్య. నాలుగేండ్లుగా ఎన్నిసార్లు మనసులో అనుకున్నదో, నోరు దానంతటదే అన్నది.

కండక్టర్ సీటు వెనకకు, కిందికి చూసి, పిల్ల ఏదమ్మా అని అడిగిండు. కౌసల్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"రెండు ఫుల్లే అన్నా," అన్నది రుక్మిణి.

బస్సు కదిలినంక కౌసల్య లేచి బిడ్డను కిటికీ దిక్కు కూసోబెట్టింది.

"చెయ్యి బయట పెట్టకు బిడ్డా," అన్నది.